కలుజు నీళ్ళు, తూము నీళ్ళు



మూడేళ్ళకొకసారి నవంబరు మాసంలో, సామాన్య కాలపు 32వ ఆదివారాన, శ్రీసభ ఇద్దరు పేద విధవరాండ్రను ఒకే పూజలో మన ముందు నిలుపుతుంది. మొదటి పఠనంలో సారెఫతు విధవరాలు, సువిశేషంలో యెరూషలేము దేవాలయపు కానుకల పెట్టె దగ్గర కనిపించే విధవరాలు. 2024లో ఈ పఠనాలు నవంబరు 10న వచ్చాయి. ఉదయగిరి, ఆత్మకూరు వైపు ఉండేవారికి నవంబరు అంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. మన జిల్లాకు ఈశాన్య రుతుపవనాల వానే ప్రాణం. ఆ రోజుల్లో అందరి కళ్ళూ ఆకాశం మీద, చెరువు మీద ఉంటాయి. చెరువు నిండుతుందా, కలుజు పారుతుందా అన్నదే ఊరంతా మాట.

ఈ వారం పాఠానికి ఆ చెరువే మనకు పలక. చెరువులోనుండి నీళ్ళు బయటకు పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి కలుజు, రెండవది తూము. కట్ట పట్టలేనన్ని నీళ్ళు వచ్చినప్పుడు, మిగిలినది కలుజు మీదుగా దొర్లి వాగులో పడుతుంది. అందులో చెరువు ఇచ్చినదంటూ ఏమీ లేదు. ఉంచుకోలేక వదిలింది, అంతే. తూము అలా కాదు. అది కట్ట అడుగున ఉంటుంది. చెరువు నిండినా, సగమే ఉన్నా, తూము తలుపెత్తితే చెరువు తన కడుపులో ఉన్న నీళ్ళనే ఇస్తుంది. కయ్యలు తడిసేది, నారు నిలబడేది ఆ నీళ్ళతోనే.

కలుజు నీళ్ళను తీసిపారేయకూడదు. అవి దిగువనున్న మరో చెరువును నింపుతాయి. దేవాలయంలో పెద్ద మొత్తాలు వేసిన ధనవంతులను ప్రభువు మందలించలేదని మార్కు సువార్త 12వ అధ్యాయంలో మీరు గమనించే ఉంటారు. వాళ్ళు తమ సమృద్ధిలో మిగిలినది వేశారని మాత్రమే ఆయన అన్నారు. అక్కడి కానుకల పెట్టెలు బాకా ఆకారంలో ఉండేవని, మొత్తం 13 ఉండేవని యూదుల పాత గ్రంథాలు తెలుపుతున్నాయి. లోహపు నాణెం పడితే చప్పుడు వినిపించేది. పెద్ద దాతలు వచ్చినప్పుడు ఆవరణమంతా వినిపించి ఉంటుంది. ఆ విధవరాలి రెండు చిన్న కాసుల చప్పుడు ఎవరి చెవినా పడి ఉండదు. ప్రభువు మాత్రం శిష్యులను పిలిచి మరీ చూపించారు.

ఇక్కడ ఒక చిన్న సంగతి ఉంది. ఆమె దగ్గర ఉన్నవి రెండు కాసులు. ఒకటి వేసి, రెండవది ఇంటికి తీసుకువెళ్ళి ఉండవచ్చు. సగం ఆస్తి ఇచ్చినా ఎవరూ తప్పుపట్టలేరు. జక్కయ్య సగమే ఇస్తానన్నాడు కదా! ఆమె రెండూ వేసింది. తూము తలుపు పూర్తిగా ఎత్తేసింది.

ఇక సారెఫతుకు వద్దాం. రాజుల మొదటి గ్రంథం 17వ అధ్యాయం చదివేటప్పుడు మన మెట్టవాళ్ళకు వ్యాఖ్యానం అక్కరలేదు. వాన లేదు. వాగు ఎండిపోయింది. గుప్పెడు పిండి, కొంచెం నూనె మిగిలాయి. పుల్లలేరుకుంటున్న ఆ తల్లి కొడుకుతో కలిసి చివరి రొట్టె తిని చనిపోవాలనుకుంటోంది. అటువంటి ఆమెను పరదేశియైన ఏలీయా ప్రవక్త రొట్టె అడిగాడు. అదీ మొదట తనకే పెట్టమన్నాడు! మామూలుగా వింటే ఇది క్రూరమైన మాట. కాని ఆమె పెట్టింది. తరువాత ఏమి జరిగిందో జాగ్రత్తగా చదవండి. ఆమె ఇంట గాదె నిండలేదు. కుండ పొంగిపొర్లలేదు. వాన తిరిగి పడేదాకా పిండి తరిగిపోలేదు, నూనె ఎండిపోలేదు, అంతే. ప్రతి ఉదయం కుండలో చెయ్యి పెట్టినప్పుడు ఆ పూటకు సరిపడా ఉంది.

ఈ మాట గట్టిగా చెప్పవలసి వస్తోంది. దేవునికి పది ఇస్తే నూరు తిరిగి వస్తుందని, కానుక పెంచితే అప్పు తీరుతుందని, పంట పండుతుందని బోధించేవాళ్ళు ఈ రోజుల్లో ఎక్కువయ్యారు. మైకుల్లో, టీవీల్లో, ఇప్పుడు సెల్‌ఫోనుల్లోనూ అదే బోధ. అది దానం కాదు, వడ్డీ వ్యాపారం. దేవుణ్ణి బాకీదారుణ్ణి చేయడం. డి.సి.పల్లిలోనో కలిగిరిలోనో వేలం కేంద్రానికి పొగాకు బేళ్ళు తోలుకుపోయి, ధర రాక ముఖం వేలాడేసుకుని తిరిగివచ్చిన రైతును చూసి, నీ విశ్వాసం చాలలేదు, నీ కానుక చాలలేదు అనడం పాపం. సారెఫతు తల్లికి దొరికినది ధనం కాదు. చావుకు సిద్ధమైన ఇంట్లో మూడవ మనిషికి కూడా చోటు, ముద్ద దొరికాయి. ఆమె సంతోషం అందులో ఉంది.

ఇప్పుడు మన సంగతి చూసుకుందాం. మెట్ట ప్రాంతంలో క్రైస్తవ కుటుంబాలవారు, గ్రామాల్లో గురువులతో మాట్లాడేటప్పుడు తరచు అనే మాట ఒకటి ఉంది: “మేము లేనోళ్ళం సామీ, మాకెవరైనా ఇయ్యాల గాని మేమేమి ఇయ్యగలం?” ఇందులో అబద్ధం లేదు. వానమీద ఆధారపడిన కంది, జొన్న, సజ్జ చేలు. నీరందితే నిమ్మ, బత్తాయి. అందకపోతే హైదరాబాదుకో, బెంగళూరుకో, గల్ఫుకో ప్రయాణం. ఈ బతుకు తెలిసినవారెవరూ ఆ మాటను తేలికగా తీసుకోరు. అయినా, ఆ మాటకు వెనుక మరో అలవాటు దాగి ఉంది. గుడి ఎవరో కట్టించారు, బడి ఎవరో పెట్టారు, గంట కూడా ఎవరో విదేశాలనుండి పంపారు. పుచ్చుకోవడమే మన వంతు అని రెండు మూడు తరాలుగా మనకు అలవాటైపోయింది. పుచ్చుకునేవాడికి కృతజ్ఞత ఉండవచ్చు. ఇచ్చేవాడి సంతోషం మాత్రం అతనికి తెలియకుండానే పోతుంది. పేదవాడినుండి దాన్ని కూడా తీసివేస్తే అతనికి ఇంకేమి మిగులుతుంది?

పైగా ఆ ‘ఎవరో’ ఎవరో మనకు తెలియదు. దొరలు, ధనవంతులు అనుకుంటాం. నెల్లూరు మేత్రాసనం 1928 జూలై 3న ఏర్పడింది. మిల్‌హిల్ సభకు చెందిన విలియం బౌటర్ గారు 1929 నుండి 1970 వరకు మొదటి పీఠాధిపతులుగా దీన్ని నడిపారు. ఆ మిల్‌హిల్ సభ 1866లో లండనులో పుట్టింది. దాని స్థాపకులు హెర్బర్ట్ వాన్ గారు అంతకుముందు 1863లో అమెరికా ఖండానికి ఓడెక్కి, కాలిఫోర్నియా మొదలు దక్షిణ అమెరికా దేశాల వరకు ఊరూరా తిరిగి, గుమ్మం గుమ్మం ఎక్కి చందాలడిగారు. అంటే మన మిషను పునాది కింద భిక్షాపాత్ర ఉంది.

ఇంకా వెనక్కు వెళితే ఫ్రాన్సు దేశపు లియోన్ పట్టణంలో పౌలీన్ జారికో అనే అమ్మాయి కనిపిస్తుంది. ఆమె 1799లో పట్టు వ్యాపారుల కుటుంబంలో పుట్టింది. విదేశాల్లో మిషన్లు డబ్బు లేక మూతపడుతున్నాయని విని, ఆమె ధనవంతుల దగ్గరకు పోలేదు. పట్టు మిల్లుల్లో పనిచేసే ఆడపిల్లలను అడిగింది. వారానికి ఒక్క సూ, అంటే అక్కడి ఒక చిన్న నాణెం. పదిమంది ఒక జట్టు. ఒక్కొక్కరు మరో పదిమందిని చేర్చాలి. ప్రతి వారం చందా, ప్రతి రోజూ ఒక ప్రార్థన. ఈ పదుల లెక్కమీదనే 1822 మే 3న విశ్వాస వ్యాప్తి సంఘం ఏర్పడింది. సరిగ్గా నూరేళ్ళకు, 1922లో, పదకొండవ భక్తినాథ పోపుగారు దానిని రోముకు మార్చి జగద్గురు పీఠపు సంస్థగా చేశారు. 1926లో ఏర్పాటై, అక్టోబరులో మనం జరుపుకునే ప్రపంచ మిషను ఆదివారం దాని చలవే. ప్రపంచంలోని మిషను మేత్రాసనాలన్నీ ఏదో ఒక విధంగా ఆ సంఘం చేతి నీళ్ళు తాగినవే.

మరి పౌలీన్ గారికి నూరంతలు తిరిగి వచ్చిందా? పనివాళ్ళకు మంచి జీవితం కల్పించాలని ఒక ఇనుప కర్మాగారంలో తన ఆస్తి పెట్టింది. నమ్మినవాళ్ళు మోసం చేశారు. మిగిలిన జీవితమంతా అప్పులు తీర్చడంలోనే గడిచింది. 1862 జనవరి 9న నిరుపేదగా కన్నుమూసింది. 2022 మే 22న శ్రీసభ ఆమెను ధన్యురాలిగా ప్రకటించింది. ఆమె లెక్క బ్యాంకు పుస్తకంలో కుదరదు.

ప్రియ పాఠకులారా, పట్టు మిల్లుల పిల్లల సూ మనకు పరాయి సంగతి కాదు. మన ఇళ్ళలో పెద్దవాళ్ళకు పిడికెడు బియ్యం సంగతి తెలుసు. ఇంటి ఇల్లాలు అన్నానికి బియ్యం కొలిచి, ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేది. వారానికో నెలకో అది గుడికో, గుడి ద్వారా మరో ఆకలిగొన్న ఇంటికో చేరేది. మనది మాత్రమే కాదు. మిజోరం క్రైస్తవ స్త్రీలు 1910లో మొదలుపెట్టిన ఇటువంటి పిడికెడు బియ్యం పద్ధతి నేటికీ సాగుతూ ఏటా కోట్ల రూపాయలు తెస్తోంది. మూట మోసినవాళ్ళు చాలామంది పేదలే.

ఆ పిడికెడు ఎప్పుడు తీస్తారో చూడండి. అందరూ తిన్నాక మిగిలిన అన్నం కాదు. వండకముందే, ఎవరి ఆకలీ తీరకముందే తీసిన బియ్యం. అది తూము నీరు. కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 16వ అధ్యాయంలో పునీత పౌలుగారు నేర్పిన పద్ధతీ ఇదే. వారం మొదటి రోజున ఎవరి రాబడినిబట్టి వారు కొంత తీసి వేరుగా పెట్టుకోవాలి. తాను వచ్చాక అప్పటికప్పుడు వసూళ్ళు చేయకూడదు. ఎంత తెలివైన సలహా! గురువుగారు వచ్చి పీఠం దగ్గర బతిమాలితే ఇచ్చేదానిలో కొంత సిగ్గు, కొంత చిరాకు కలుస్తాయి. ముందే తీసిపెట్టిన దానిలో అవి ఉండవు. అది ఇప్పటికే మనది కాదు; చేరవలసిన చోటికి చేరడమే మిగిలింది.

ఎంత ఇవ్వాలి అని అడిగేవారుంటారు. పదవ వంతు ఇచ్చి తీరాలని కతోలిక శ్రీసభ చట్టం పెట్టలేదు. 1983 నాటి శ్రీసభ ధర్మశాస్త్రం 222వ సూత్రం శ్రీసభ అవసరాలకు తోడ్పడమంటుంది. అదే సూత్రంలో సామాజిక న్యాయాన్ని పెంపొందించమని, తమ రాబడిలోనుండి పేదలకు సాయపడమని కూడా చెబుతుంది. ఎవరి శక్తి కొద్దీ వారు అని సత్యోపదేశ గ్రంథం వివరిస్తుంది. అప్పులవాడు తలుపు తడుతున్న ఇంట్లో, బిడ్డ ఆసుపత్రిలో ఉన్న ఇంట్లో ఈ వ్యాసం చదివి ఎవరూ కుమిలిపోవద్దు. ఆ ఇంటివారు ఈ నెల పుచ్చుకునే వరసలో ఉన్నారు, అంతే. ఆ వరసలో నిలబడడానికీ వినయం కావాలి.

న్యాయం సంగతి వచ్చింది కనుక ఒక మాట. ఇచ్చినది వేరు, తీసుకున్నది వేరు. సోమశిల జలాశయంలో నీళ్ళు నిలిచేందుకు కడప జిల్లా వైపు ఎన్నో గ్రామాలు మునిగాయి. ఆ నీళ్ళతో పెన్నా డెల్టా పండుతోంది. ఆ గ్రామాలవారు త్యాగం చేశారని సభల్లో పొగుడుతారు. త్యాగమా అది? వాళ్ళను అడిగి తీసుకున్నదెంత? బలవంతం ఉన్నచోట దాతకు సంతోషం ఉండదని పౌలుగారే అన్నారు. మన ఇళ్ళకు కూడా ఇది వర్తిస్తుంది. నిమ్మతోటలో కోతకు వచ్చిన కూలీలకు రావలసినదానిలో యాభై కోసి, ఆదివారం నాడు గుడికి ఐదువందలు వేస్తే, ఆ ఐదువందలు ఎవరివి? న్యాయంగా ఇవ్వవలసిన బాకీని దానమని పేరు పెట్టి ఇవ్వకూడదని రెండవ వాటికన్ మహాసభ స్పష్టంగా చెప్పింది. ముందు కూలి, తరువాత కానుక.

పేర్ల సంగతి కూడా ఉంది. గుడికి ఫ్యాను ఇచ్చి దాని రెక్కల మీద పేరు రాయిస్తారు. ఫ్యాను తిరిగితే పేరు కనిపించదు, పేరు కనిపించాలంటే ఫ్యాను ఆపాలి. ఉక్కపోతలో జనం ఏమంటారో దాతగారే ఆలోచించుకోవాలి. పుచ్చుకునేవారికీ బాధ్యత ఉంది. కాసుల విధవరాలి కథకు సరిగ్గా ముందు, విధవరాండ్ర ఇళ్ళు దిగమింగే ధర్మశాస్త్ర బోధకులను ప్రభువు గద్దించారు. మార్కు ఈ రెండింటినీ పక్కపక్కనే పెట్టింది ఊరకే కాదు. ప్రతి విచారణలోనూ ఆర్థిక సలహా సంఘం ఉండాలని ధర్మశాస్త్రం 537వ సూత్రం ఆదేశిస్తోంది. పిడికెడు బియ్యం ఇచ్చిన తల్లికి ఆ బియ్యం ఎటు పోయాయో తెలుసుకునే హక్కు ఉంది. లెక్క గుడిలో చదివితే విచారణ గురువుల గౌరవం పెరుగుతుందే కాని తగ్గదు.

ఇంతకీ ఆ సంతోషం ఎక్కడినుండి వస్తుంది? ఉదయగిరిలో చెక్క చెంచాలు, గరిటెలు చేసే ఇళ్ళు మీలో చాలామందికి తెలుసు. అడవి కర్రను తొలిచి, రాకి, నునుపు చేస్తారు. మొద్దులోనుండి కర్ర పోయినచోటే గుంట ఏర్పడుతుంది. వడ్డించడానికి పనికొచ్చేది ఆ గుంటే. తొలవని కర్ర నిండుగానే ఉంటుంది, దానితో పులుసు మాత్రం వడ్డించలేం. ధనవంతుడైన క్రీస్తు మనకోసం పేదవాడయ్యాడని పౌలుగారు కొరింతీయుల రెండవ లేఖ 8వ అధ్యాయంలో రాసిన దానికి ఇంతకంటే దగ్గరి పోలిక మన ప్రాంతంలో నాకు కనిపించదు.

ఆ అధ్యాయమే ఈ వారం ఇంటిల్లిపాదీ కలిసి చదవండి. 9వ అధ్యాయం కూడా కలుపుకోండి. రెండూ కలిపి పది నిమిషాల పని. యెరూషలేములోని పేద విశ్వాసులకోసం పౌలుగారు చందాలు పోగుచేస్తున్నారు. మాసిదోనియా సంఘాలవారు కష్టాల్లో ఉన్నారు, కటిక పేదలు. పౌలుగారు వాళ్ళను అడగడానికే మొహమాటపడినట్టున్నారు. వాళ్ళే వచ్చి, మాకూ ఈ భాగ్యం ఇవ్వండి అని ప్రాధేయపడ్డారు. వాళ్ళ పేదరికమూ సంతోషమూ కలిసి ఔదార్యంగా పొంగాయని పౌలుగారి లెక్క. పేదరికానికి సంతోషం కూడితే ఔదార్యం వస్తుందని ఏ బడిలో నేర్పుతారు? సంతోషంగా ఇచ్చేవాడిని గురించి చెప్పేటప్పుడు ఆయన వాడిన గ్రీకు మాట ‘హిలరోస్’. ముఖం వెలిగిపోయేవాడు అని దాని భావం. అడిగించుకోకుండా, లెక్క చూసుకోకుండా ఇచ్చేసి లేచి వెళ్ళే మనిషి ముఖం మీరు మీ ఊళ్ళో ఎప్పుడైనా చూసే ఉంటారు.

చదివాక పిల్లలను అడగండి, మన ఇంట్లో తూము ఏది అని. వాళ్ళకు డబ్బు ఇచ్చి సంచిలో వేయమనడం అందరూ చేసేదే. అది అమ్మానాన్నల కానుక, పిల్లవాడిది కాదు. వాడి చేతిలో ఉన్న జామకాయలో ముక్క, సెలవుల్లో ఒక సాయంత్రం, చూపు ఆనని అవ్వకు గల్ఫులో ఉన్న కొడుకు పంపిన సందేశం చదివిపెట్టడం, ఇవి వాడివి. పెద్దవాళ్ళకు వెసులుబాటు ఉంటే రక్తదానం ఉంది, బోరులో నీళ్ళున్నవారు ఎండాకాలం వీధికి ఒక పైపు వదలవచ్చు. ఫ్లోరైడు నీళ్ళతో మోకాళ్ళు పట్టేసిన ఊళ్ళు ఉదయగిరి చుట్టుపక్కల ఉన్నాయని మీకు తెలియనిది కాదు. మంచినీళ్ళ బిందె ఒకటి ముసలివాళ్ళ గడప దాకా మోసినా అది కానుకే.

ఇక కొరింతీయుల మాట. వాళ్ళు మాసిదోనియావారికంటే కలిగినవాళ్ళు. చందా ఇస్తామని ముందుగా మాటిచ్చింది వాళ్ళే. ఏడాది గడిచినా పూర్తిచేయలేదు. పౌలుగారు కోప్పడలేదు, ఆజ్ఞాపించలేదు. మాసిదోనియా పేదల సంగతి రాసి పంపారు. తీతును, మరి ఇద్దరు సోదరులను వెంట పంపి, డబ్బు విషయంలో ఎవరూ వేలెత్తి చూపకుండా జాగ్రత్తపడ్డారు. ఆ లేఖకు కొరింతీయులు ఏమి జవాబిచ్చారో మన దగ్గర లేదు. కాని కొంతకాలానికి ఆయన కొరింతులో కూర్చుని రోమీయులకు లేఖ రాస్తూ, 15వ అధ్యాయంలో, మాసిదోనియావారితోపాటు అకయావారు కూడా ఇష్టపూర్వకంగా ఇచ్చారని, తాను ఆ సొమ్ముతో యెరూషలేముకు బయలుదేరుతున్నానని తెలిపారు. అకయాకు ముఖ్యపట్టణం కొరింతే.